ఆకు రాలిన అడవిలో పూల కాలం

మార్చి నెలలో అడవికి వెళ్తున్నామంటే "ఇప్పుడు అక్కడేముంటుంది, ఎండుటాకులు తప్ప" అని చాలామంది నవ్వారు. నిజానికి మేమూ అలాగే అనుకునేవాళ్లం. పచ్చదనం కోసం వానాకాలంలోనో దసరా సెలవుల్లోనో వెళ్లడం మనకు అలవాటు. అయినా మూడవ వారంలో ఒక శనివారం, పిల్లలతో కలిపి పదకొండు మందిమి మంచిర్యాల జిల్లా జన్నారం మీదుగా కవ్వాల్ అడవికి వెళ్లి వచ్చాం.

కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వుగా ప్రకటించారు. పులి కనిపిస్తుందేమోనని పిల్లలు ఆశపడ్డారు గానీ, అది మా అదృష్టంలో లేదు. ఇది ముఖ్యంగా టేకు, వెదురు పెరిగే అడవి. ఈ రోజుల్లో టేకు ఆకులు రాలిపోయి, అడుగు వేస్తే అప్పడాల్లా విరుగుతాయి. అంత బోసి కొమ్మల మధ్య మోదుగ పూసింది. ఒక్క ఆకు లేదు, చెట్టు నిండా ఎర్రటి కాషాయం. దూరం నుంచి చూసిన ఒక పిల్లవాడు మంట అనుకుని భయపడ్డాడు కూడా.

ఆకులు లేనప్పుడే ఎందుకు పూస్తుంది? మోదుగ పువ్వుకు వాసన లేదు. దానికి కావలసింది పిట్టలు. పిట్టలకు ఎరుపు బాగా కనిపిస్తుంది, ఆకులు అడ్డు లేకపోతే ఇంకా దూరం నుంచి కనిపిస్తుంది. తేనెపిట్టలు, గోరింకలు, ఉడుతలు తేనె కోసం ముక్కో మూతో లోపలికి పెట్టినప్పుడు పుప్పొడి అంటుకుని మరో చెట్టుకు చేరుతుంది. రామచిలుకలు మాత్రం పువ్వులను తుంచి పడేస్తాయి. పని తక్కువ, నష్టం ఎక్కువ. ఇప్పుడు పూస్తే వానల నాటికి కాయ ఎండి, గాలికి ఎగిరి, తడి నేల మీద పడుతుంది. చచ్చినట్టు కనిపించే ఆ చెట్టు లెక్క అంత కచ్చితంగా ఉంటుంది. కొండగోగు కూడా అంతే, ఒట్టి కొమ్మల మీద పచ్చటి పువ్వులు.

బూరుగు పూత అప్పటికి చివరికొచ్చింది. ఒక చెట్టు మీద కొండముచ్చులు పువ్వులు తింటూ సగం కింద పడేస్తున్నాయి. ఆ కింద నాలుగు మచ్చల జింకలు తలెత్తకుండా వాటిని ఏరుకుంటున్నాయి. పైనున్న కొండముచ్చుకు పులో చిరుతో ముందుగా కనబడుతుంది, అది అరిస్తే జింకలు పరుగెడతాయి. తిండి, కాపలా రెండూ ఒకే చోట దొరికాయన్నమాట. తిరిగి వచ్చేటప్పుడు కరెంటు తీగ మీద పాలపిట్ట కనబడింది. తెలంగాణ రాష్ట్ర జంతువునూ రాష్ట్ర పక్షినీ ఒకే పూట చూశామని పిల్లలు వారం రోజులు చెప్పుకున్నారు.

అసలు చెప్పవలసింది ఇప్పచెట్టు దగ్గర జరిగింది. అడవి దాటాక చేను గట్టున ఒక పెద్ద ఇప్పచెట్టు నీడలో ఆగాం. ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుంటుంది, గబ్బిలాలు వస్తాయి, తెల్లవారేసరికి రాలిపోతుంది. ఒక పెద్దమ్మ అక్కడ గంప నింపుకుంటోంది. మేము మూడు రాళ్లు పెట్టి టీ కాచుకుందామని పుల్లలు ఏరుతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఈడ పొయ్యి పెట్టకుర్రి బిడ్డా. గాలికి ఆకు అంటుకుంటే మన చేతుల ఉండదు" అంది. మాకు సిగ్గనిపించింది. కాస్త ముందే పిల్లలకు చెట్లను కాపాడాలని చెప్పి ఉన్నాం మరి.

తర్వాత ఆమె మాటల్లోనే విషయం తెలిసింది. రాలిన పువ్వు ఎండుటాకుల్లో కనబడదు కాబట్టి కొందరు చెట్టు కింద నిప్పు పెట్టి నేల శుభ్రం చేస్తారు. తునికాకు లేతగా చిగురించాలని పెట్టేవాళ్లూ ఉన్నారు. ఈ మంట నేల మీదే పాకుతుంది, ముదురు బెరడున్న పెద్ద చెట్టుకు ఏమీ కాదు. అందుకే నష్టం మన కంటికి ఆనదు. పోయేవి మొలకలు, తొండలు, తాబేళ్లు, కౌజుల గూళ్లు. "ఇవన్నీ మా తాతలనాటి చెట్లు. పిల్ల చెట్టు ఒక్కటన్న ఉన్నదా చూడుర్రి" అందామె. చుట్టూ వెతికాం. ఒక్కటీ దొరకలేదు. ఇప్ప మొక్క పూతకు రావడానికి పదేళ్లు అటూ ఇటూ పడుతుంది, ఏటా మంట తగిలితే అంతవరకూ బతికేదెలా?

అటవీ శాఖ ఎండలు ముదరకముందే ఆకులు తీసి ఫైర్ లైన్లు వేస్తుంది. ఆమె పద్ధతి ఇంకా తేలిక: చీపురుతో ఊడ్చి, పాత చీరలు పరిచి పోతుంది, తెల్లారి వచ్చి చీర ఎత్తుకుంటుంది. ఖర్చేమీ లేదు, కొంచెం నడుము నొప్పి తప్ప.

ఆమె పిల్లల చేతుల్లో తలా గుప్పెడు పువ్వులు పోసింది. తియ్యగా, కొద్దిగా మత్తు వాసనతో ఉన్నాయి. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు వీటితో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఏరిన పుల్లలు అక్కడే వదిలేసి, జన్నారం వచ్చాక బస్టాండు దగ్గర టీ తాగాం.