మోటారుబండి నాడి చూచు విధము



వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లింపనెంచిన మా పెద్దమ్మను ఒక శివరాత్రినాడు మా పాత అంబాసిడరు బండిలో తోడ్కొని పోవుచుంటిని. మూలవాగు సమీపింపగనే యంత్రము వణకసాగెను. మన వైపు ‘మిస్సింగు’ అందురే, అదియే. ఒక మెకానిక్కు మూత యెత్తినవెంటనే కార్బురేటరు చెడినదనెను. నాలుగువేల రూపాయలిచ్చి క్రొత్తది వేయించితిని. మొక్కు తీరెను, తిరుగు ప్రయాణమున రాత్రి మరల అదే వణకు. చీకటిలో మూత యెత్తి చూడగా, మూడవ ప్లగ్గునకు పోవు వైరు పగులునుండి నీలిరవ్వ యినుముమీదికి దుముకుచుండెను. తప్పు వైరుది, దండుగ నాది.

అంబాసిడరు బండ్లు 2014 వఱకు తయారైనవి. ఇక క్రొత్తవి రావు గనుక ఉన్నవానిని తెలిసి కాపాడుకొనవలయును.

యంత్రమునందలి నాలుగు సిలిండరులకును మూడేసి వస్తువులు కావలయును: సరియైన గాలి-పెట్రోలు మిశ్రమము, గట్టి ఒత్తిడి, సమయమునకు నిప్పురవ్వ. వీనిలో ఏది లోపించినను వణకు పుట్టును. వైద్యుడు నాడి చూడక మందీయనట్లే, మనమును ముందుగా చెవియొగ్గి వినవలయును. ఒకే లయలో దెబ్బ తప్పుచున్నచో దోషము సాధారణముగా ఒక సిలిండరుది. లయ లేక తడబడుచున్నచో అన్నిటికిని ఉమ్మడియైనది.

మొదటి పక్షమున యంత్రమును ఆపి, ఒక ప్లగ్గు వైరును ఊడదీసి, దాని కొన యినుమునకు గట్టిగా ఆనునట్లు కట్టి, మరల నడుపుడు. వణకు హెచ్చినచో ఆ సిలిండరు పనిచేయుచుండినదే. మార్పు లేనిచో దోషి అదియే. దాని ప్లగ్గును ప్రక్కదానితో మార్చి చూడుడు. దోషము ప్లగ్గు వెంట పోయినచో ప్లగ్గు మార్చవలయును. పోనిచో వైరును, పిదప వాల్వులను, ఒత్తిడిని పరీక్షింపవలయును. ప్లగ్గు మొన బిస్కత్తు వన్నెగా నున్న మేలు. పొడి మసి పట్టినచో పెట్రోలు హెచ్చు. నూనె జిడ్డున్నచో లోపలి అరుగుదల.

రెండవ పక్షమున డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు చూడవలయును. వాని నడుమ ఎడము అంగుళములో వేయింట 15 వంతులు, అనగా సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలయును. అవి సరిగా నున్నప్పుడే కార్బురేటరు వంతు. యంత్రము వేడెక్కిన పిమ్మట చోకును కొంచెము లాగగా నడక కుదురుకొన్నచో పెట్రోలు చాలుటలేదు, లేదా ఎక్కడనో దొంగగాలి చొరబడుచున్నది. కార్బురేటరు క్రింది అతుకులపై సబ్బునీరు చిలుకుడు. నడక మారినచోట సందున్నది. చోకు లాగగా నడక చెడినచో మిశ్రమమున పెట్రోలు హెచ్చు. గాలివడపోతను, ఫ్లోటును చూడుడు.

ఒక హెచ్చరిక. తలుపులు మూసిన కొట్టమున యంత్రమును నడుపరాదు. ఆ పొగయందలి కార్బన్ మోనాక్సైడు వాసన లేకయే ప్రాణము తీయును. పెట్రోలు తడియున్నచోట నిప్పురవ్వ పరీక్ష చేయరాదు.

ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క మార్పే చేయుడు. రెండు మార్పులొక్కమారు చేసినచో ఏది మేలు చేసెనో తెలియదు. వెల లేని పరీక్షలన్నియు ముగిసిన పిమ్మటనే వెలగల వస్తువు కొనుడు.