పేర్లు తీసేసినా దొరికిపోతాం

చేతి వాచీ, కరెంటు మీటరు, స్పీకరు, కాలింగ్ బెల్లు... అన్నిట్లోనూ ఇప్పుడు కంప్యూటరు ఉంది. ఇలాంటి కాలం వస్తుందని జెరాక్స్ పార్క్ పరిశోధనశాల శాస్త్రవేత్త మార్క్ వైజర్ 1991లోనే రాశారు. గోప్యత పెద్ద చిక్కు అవుతుందనీ అప్పుడే చెప్పారు. ఆ చిక్కు విప్పాల్సిన సాఫ్ట్‌వేర్ వాళ్లలోనే కొన్ని అపోహలు బలంగా ఉన్నాయి.

అపోహ: పేరు, ఫోన్ నంబరు తీసేస్తే ఆ డేటా ఎవరిదో తెలియదు.

వాస్తవం: తెలిసిపోతుంది. 15 లక్షల మంది మొబైల్ జాడలను పరిశీలించిన అధ్యయనం 2013లో వెలువడింది. మనిషి ఏ గంటకు ఎక్కడున్నాడో నాలుగుసార్లు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి విడదీయవచ్చని అందులో తేలింది. రాత్రి ఫోన్ ఉండే చోటు ఇల్లు, పగలు ఉండే చోటు ఆఫీసు. ఆ రెండూ మీతో కలిసేవాళ్లు ఎందరుంటారు? వ్యాయామం చేసేవాళ్లు వాడే స్ట్రావా యాప్ 2017 నవంబరులో తన యూజర్లు పరుగెత్తిన దారులను కలిపి, పేర్లు లేకుండా ప్రపంచ పటం విడుదల చేసింది. సిరియా, అఫ్గానిస్థాన్‌ల మీద అంతా చీకటి, మధ్యలో అక్కడక్కడా వెలుగు గీతలు. అవి సైనిక స్థావరాల్లో సైనికులు జాగింగ్ చేసిన దారులు! 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి ఆ సంగతి బయటపెట్టాడు.

అపోహ: యూజరు ‘అంగీకరిస్తున్నాను’ నొక్కాడు, మా పూచీ తీరింది.

వాస్తవం: ఇంటికొచ్చిన చుట్టాలు, పనావిడ, పిల్లలు ఏమీ నొక్కలేదు. ఇంట్లోని స్పీకరు మైకు ముందు వాళ్లూ మాట్లాడుతున్నారు. మన దేశపు 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం కూడా, చెప్పిన పనికి అవసరమైన డేటా వరకే ఆ అంగీకారం చెల్లుతుంది.

అపోహ: గోప్యత కావాలంటే సౌకర్యం వదులుకోవాల్సిందే.

వాస్తవం: కోవిడ్ వేళ 2020లో యాపిల్, గూగుల్ కలిసి తెచ్చిన పద్ధతి చూడండి. ఫోన్ బ్లూటూత్‌లో ఒక అర్థంలేని నంబరు పంపేది, కొద్ది నిమిషాలకోసారి దాన్ని మార్చేసేది. పక్కనున్న ఫోన్లు దాన్ని రాసుకునేవి. వ్యాధి సోకినవారు ఒప్పుకుంటేనే, వాళ్ల ఫోన్‌లో ఆ నంబర్లు పుట్టించిన రహస్య తాళాలు (కీలు) సర్వరుకు చేరేవి. వాటిని రాసుకున్న నంబర్లతో పోల్చి చూసుకునే పని ఎవరి ఫోన్‌లో వారిదే. ఎవరు ఎవరిని కలిశారో సర్వరుకు తెలిసేది కాదు, జీపీఎస్ అసలు అడిగేది కాదు. హెచ్చరిక మాత్రం అందేది.

స్మార్ట్ మీటరుకూ ఇలాంటి ఆలోచనే కావాలి. పావుగంటకోసారి రీడింగ్ బయటికి పోతే గీజరు ఎప్పుడు వేశారో, ఇంట్లో ఎవరూ లేనిది ఎప్పుడో ఆ అంకెలే చెప్పేస్తాయి. పగటికో రేటు, సాయంత్రానికో రేటు ఉన్నా, ఏ రేటు కింద ఎన్ని యూనిట్లో మీటరే కూడి నెలకోసారి పంపితే బిల్లుకు చాలు. వీధి లోడు ఎంతో తెలియాలంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలుచుకోవచ్చు.