పగిలిన ముక్కకు పేరేమి?

మాదాపూరు ప్రాంతమున కాపురమున్న యొక గృహిణి యింట జరిగిన ముచ్చట నిటీవల వింటిమి. కోడలు ఇంటినుండియే కార్యాలయపు పని చేయుచు, ఫోనులో ‘ఒక షార్డు పోయినది’ అని కంగారుగా పలికెను. అత్తగారు ఇంగ్లీషు నిఘంటువు తీసి చూచిరి. పగిలిన గాజు లేక కుండ పెంకు అని యందున్నది. ఆమె వెంటనే చీపురు చేతబట్టి, ‘అమ్మాయీ, చెప్పులు తొడుగుకొనుము. పిల్లవాని నిటు రానీయకుము’ అనిరి. ‘పగిలినది పాత్ర కాదు, అత్తయ్యగారూ, మా పద్దు’ అని కోడలు నవ్వెను.

ఈ ముచ్చట నవ్వుకొనుటకే గాక ఆలోచించుటకును తగియున్నది. కోట్లకొలది జనుల వివరములు ఒక్క యంత్రమున నుంచుట కష్టము. కావున ఆ పద్దును విభాగించి పెక్కు యంత్రములలో నుంచెదరు. ఆ యొక్కొక్క భాగమే షార్డు. ఒక షార్డు చెడినచో అందు వివరములున్న వారికి మాత్రమే పని నిలుచును, తక్కినవారికి సాగుచుండును. కుండపెంకు పనికిరాని ముక్క. ఈ పెంకు పని కొరకై చేసిన ముక్క.

1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు ఆ ప్రాంతమున నిట్టి మాటలు మిక్కుటముగ వినవచ్చుచున్నవి. ఇంగ్లీషున బిట్ అనగా మొదట కొరికిన ముక్క. గణనయంత్రపు బిట్ మాత్రము ‘బైనరీ డిజిట్’ అను రెండు మాటల కుదింపు. జాన్ ట్యూకీ కల్పించిన యీ మాటను 1948లో క్లాడ్ షానన్ తన వ్యాసమున ప్రకటించెను. ఒకటి గాని సున్న గాని, అంతయే బిట్. 1956లో వెర్నర్ బుఖోల్జ్ అను నాతడు బిట్ల సమూహమునకు బైట్ అని పేరిడెను. కొరుకుట యను అర్థముగల మాటనే తీసికొని, బిట్‌తో పొరపాటు పడకుండ నొక యక్షరమును మార్చెను. నేడు బైట్ అనగా ఎనిమిది బిట్లు. అందు సగము, అనగా నాలుగు బిట్లు, నిబ్బిల్. అనగా మెల్లగ కొరికిన చిన్న ముక్క!

చిప్ అను మాట మరియు చిత్రమైనది. గొడ్డలివేటున కట్టెనుండి ఎగిరిన ముక్క చిప్. కప్పు అంచున ఊడిన చెక్కును చిప్పే. నూనెలో వేచిన ఆలుగడ్డ బిళ్లలు చిప్సు. 1958లో జాక్ కిల్బీ తొలిసారి చేసి చూపిన సమగ్ర విద్యుద్వలయమునకును ఆ పేరే వచ్చినది. ఏలయన, సిలికాను పలకపై నొకేమారు పెక్కు వలయములను నిర్మించి, పిదప దానిని చిన్న చదరములుగ కోయుదురు. మాదాపూరు, గచ్చిబౌలి గుట్టలను కొట్టగా రాలిన రాతిముక్కలును చిప్పులే. ఆ తావున లేచిన సౌధములలో రూపకల్పన పొందునవియు చిప్పులే.

తక్కిన మాటలకును వేర్వేరు తావులు గలవు. కట్టెనుండి గాని గాజునుండి గాని చీలిన సన్నని వాడిముక్క స్ప్లింటర్. గోడనుండి రాలిన పలుచని పెచ్చు ఫ్లేక్. రొట్టెనుండి రాలిన పొడి క్రమ్. శిథిలమైన శాసనమున మిగిలిన ఖండము ఫ్రాగ్మెంట్. వీనినన్నిటిని ‘పీస్’ అనిన తప్పు గాదు గాని, ఏమి పగిలినదో, ఎట్లు పగిలినదో తెలియదు.

ఈ భేదము మన గృహిణులకు క్రొత్తది గాదు. బియ్యము విరిగిన నూక, గోధుమ పగిలిన రవ్వ, కుండ పగిలిన పెంకు, కట్టె చీలిన పేడు, గుడ్డ చినిగిన పీలిక, కంటబడినది నలుసు. ఆయువు తీరినవానికి నూకలు చెల్లినవందుము గాని ముక్కలు చెల్లినవనము గదా! అయినను నేటి బాలబాలికలు పెక్కురు అన్నిటికిని ముక్క యనియో, పీస్ అనియో సరిపెట్టుకొనుచున్నారు.

దీనివలన నష్టమేమని యడుగవచ్చును. పిల్లవాని పాదమున నేదో గ్రుచ్చుకొన్నదనుకొందము. గాజు పెంకు ఎక్స్‌రే చిత్రమున సాధారణముగ కనబడును; కట్టెపేడు తరచుగ కనబడదు. అది కట్టెయని ముందే తెలిసినచో వైద్యుడు అల్ట్రాసౌండు వంటి వేరు పరీక్షచే వెదకగలడు. ‘ఏదో పీస్’ అనిన నాతని కేమి తెలియును? లోతుగ దిగినదానిని ఇంట పిన్నీసుతో కెలుకరాదు. విరిగిన వస్తువు ముక్క నొకదానిని జాగ్రత్తగ చుట్టి వైద్యునకు చూపుట మేలు.

కావున సోదరీమణులారా, ఇంగ్లీషు మాటలను నేర్చుకొనుటకు సంకోచింపవలదు. మన మాటలను మరవవలదు. బియ్యము చెరుగునపుడు, గదులూడ్చునపుడు పిల్లలను చెంతకు బిలిచి, ఇది నూక, ఇది పేడు, ఇది పెంకు అని చూపుడు. పైని చెప్పిన యింట అత్తగారు కోడలివద్ద షార్డును నేర్చిరి. మనుమడు ఆమెవద్ద పెంకును నేర్వవలయును.