బండి ఆగితే రోడ్డు దిగండి

మిరపకాయ కోతల కాలం. సాయంత్రం ఆరు దాటింది. కూలికి వెళ్ళిన మా ఊరి అక్కలు ఆటోలో ఇంటికి వస్తున్నారు. దారిలో టైరు పంచరయింది. ఆటో రోడ్డు మీదే ఆగింది.

అందరూ దిగారు. పొద్దుటి నుంచి వంగి వంగి నడుములు పడిపోయాయి. రోడ్డు పక్కన అంతా ముళ్ళకంప. అందుకని కొందరు తారు మీదే కూర్చున్నారు.

ఒక పెద్దమ్మ ఊరుకోలేదు. "లేవండర్రా! ముల్లు గుచ్చుకుంటే తీసుకోవచ్చు. లారీ వస్తే ఏం చేస్తారు?" అని కేకలేసింది. అందరూ లేచి రోడ్డు దిగారు.

కాసేపటికి వెనక నుంచి లారీ వచ్చింది. చీకట్లో ఆటో కనపడలేదు. గుద్దేసింది. టైరు మారుస్తున్న డ్రైవరు కాలు విరిగింది. అక్కలకు ఏమీ కాలేదు.

చూశారా! బండి చెడిపోవడం చిన్న కష్టం. ఆగిన బండిని ఇంకో బండి గుద్దడం పెద్ద ప్రమాదం.

బండి ఆగితే ఏం చేయాలి?

ఎడమ పక్కకు దిగండి. పిల్లల చెయ్యి వదలకండి. రోడ్డుకు దూరంగా నిలబడండి. బండి వెనక నిలబడకండి. వీలయితే బండిని కూడా పక్కకు నెట్టించండి. లైట్లు వేసి ఉంచమని డ్రైవరుకు చెప్పండి. గుర్తుగా కొమ్మలు, రాళ్ళు పెడితే, వెళ్ళేటప్పుడు తీసేయండి. లేకపోతే వాటి వల్ల ఇంకొకరు పడతారు.

దెబ్బలు తగిలితే ఏం చేయాలి?

108కి ఫోను చేయండి. డబ్బులు పడవు. ఈ అంబులెన్సులు 2005లో హైదరాబాదులో మొదలయ్యాయి. 112కి చేసినా సాయం వస్తుంది.

ఆ రోజు ఫోనులో "ఎక్కడున్నారు?" అని అడిగారు. "రోడ్డు మీద" అన్నారు మనవాళ్ళు. ఏ రోడ్డు? ఎవరికీ తెలియలేదు. అప్పుడు మా రాత్రి బడికి వచ్చే అక్క సెల్ లైటు వేసి మైలురాయి చదివింది. ఊరి పేరు, అంకె చెప్పింది. అంబులెన్సు నేరుగా అక్కడికే వచ్చింది.

మైలురాయి తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి. ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. ఈ రంగు కూడా ఫోనులో చెప్పండి.

అంబులెన్సు వచ్చేలోగా ఇవి గుర్తుంచుకోండి:

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి.
గాయంలో కాఫీపొడి, పసుపు వేయకండి.
స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి.
మెడకు, నడుముకు దెబ్బ తగిలితే లాగకండి, కూర్చోబెట్టకండి. మంటలు వంటి అపాయం ఉంటేనే కదపండి.
బండి దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించనివ్వకండి.

"సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామేమో!" అని కొందరు భయపడతారు. ఆ భయం వద్దు. సాయం చేసినవాళ్ళను కాపాడాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ ఆ మాట చేర్చారు. పేరు చెప్పమని పోలీసులు మిమ్మల్ని బలవంతం చేయకూడదు.

అక్కలారా! రేపు పనికి వెళ్ళేటప్పుడు దారిలో ఉన్న మైలురాళ్ళు చదవండి. మీ పక్కన కూర్చున్న అక్కకు కూడా చదివి వినిపించండి. నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఒక ప్రాణం నిలబెట్టవచ్చు.