జేజి మణికట్టు టెస్ట్: పెర్కొలేటర్, ఫిల్టర్, మోకా పాట్... ఇంట్లో ఏది నిలబడింది?

మొన్న సంక్రాంతి అయిన వారానికి జమ్మలమడుగులో మా జేజి చెయ్యి కాలింది. పొద్దున ఐదుకు లేచి, స్టీలు ఫిల్టర్‌లో డికాషన్ దిగిందో లేదో చూద్దామని పై గిన్నె లాగింది. అది బిగుసుకుపోయింది. రెండోసారి గట్టిగా తిప్పి లాగేసరికి ఒక్కసారిగా ఊడొచ్చి, పైనున్న వేడినీళ్లు మణికట్టు మీద పడ్డాయి. పెద్ద గాయమేం కాదు, వారంలో మానింది. కానీ డెబ్బై ఆరేళ్ల మనిషి, వేళ్ల కీళ్లు నొప్పులు, ఇంట్లో ఒక్కతే ఉంటుంది. కాఫీ మానుకో జేజీ అంటే, "అన్నమన్నా మానుకుంటా గానీ అది మాత్రం అడగొద్దబ్బీ" అంది.

ఫ్యామిలీ గ్రూప్‌లో చర్చ జరిగి పని నా మీద పడింది. "ఫోన్ల గురించి పేజీలు పేజీలు రాస్తావు కదా, జేజికో మెషీన్ చూడు." సో, ఈసారి బెంచ్‌మార్క్ స్కోర్లు లేవు. ఒకటే టెస్ట్: నొప్పులున్న చేతితో, చీకట్లో, కాలకుండా కాఫీ చేసుకోవాలి. ఆ కాఫీ తాగేట్టుండాలి.

ప్రొద్దుటూరులో మా ఇంటి దగ్గర స్టీలు సామాన్ల అంగడికి పోయి "పెర్కొలేటర్ ఇవ్వన్నా" అంటే ఆయన ఫిల్టర్ తీసి చేతిలో పెట్టాడు. ఆయన తప్పేం లేదు, మన దగ్గర చాలా ఇళ్లలో రెండు గిన్నెల ఫిల్టర్‌నే పెర్కొలేటర్ అంటారు. ఆన్‌లైన్‌లో ఇంకా గందరగోళం, మోకా పాట్‌ను కూడా అదే పేరుతో అమ్ముతున్నారు. కొనేముందు ఫొటో చూసి తేల్చుకోండి. ఫిల్టర్‌లో నీళ్లు పొడిలోంచి వాటంతట అవే ఒక్కసారి కిందికి దిగుతాయి. మోకా పాట్‌లో ఆవిరి ఒత్తిడి నీళ్లను ఒక్కసారి పైకి తోస్తుంది. ఇటలీలో బియాలెట్టి 1933లో తెచ్చిన డిజైన్ అది. అసలు పెర్కొలేటర్ వేరు. అడుగున మరిగే నీళ్లలో పుట్టిన బుడగలు మధ్యలో ఉన్న సన్నగొట్టం గుండా నీళ్లను పైకి ఎత్తుతాయి, అవి పొడి బుట్ట మీద చిమ్మి మళ్లీ అడుగు నీళ్లలోకే కారతాయి. మళ్లీ ఎక్కుతాయి, మళ్లీ కారతాయి. అంటే అప్పటికే కాఫీ అయిన నీళ్లనే తిరిగి తిరిగి పొడి మీద పోస్తున్నాం. దీని మంచీ చెడూ రెండూ ఇందులోనే ఉన్నాయి.

అమెరికాలో హాన్సన్ గుడ్రిచ్ అనే ఆయన 1889లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. 1972లో మిస్టర్ కాఫీ అనే ఆటోమేటిక్ డ్రిప్ మెషీన్ వచ్చాక అక్కడి వంటిళ్లలో పెర్కొలేటర్ల హవా తగ్గిపోయింది. తగ్గినా పోలేదనడానికి సాక్ష్యం మా మామ. విషయం తెలిసి డల్లాస్ నుంచి వస్తూ ఎలక్ట్రిక్ పెర్కొలేటర్ పట్టుకొచ్చాడు. తళతళా మెరుస్తోంది, బిల్డ్ క్వాలిటీ సూపర్. అమ్మ ప్లగ్ పెట్టబోతుంటే ఆపి అడుగున లేబుల్ చదివాను: 120 వోల్టులు, 800 వాట్లు. మన సప్లై 230. హీటర్ కాయిల్‌కు వోల్టేజీ దాదాపు రెట్టింపైతే పవర్ రెట్టింపు కాదు, దాదాపు 3.7 రెట్లు అవుతుంది. అంటే 800 వాట్ల కాయిల్ 2,900 వాట్లు లాగబోతుంది. ఫోన్ చార్జర్ 100 నుంచి 240 దాకా దేన్నైనా తట్టుకుంటుంది కాబట్టి మనకు లేబుల్ చూసే అలవాటే పోయింది. హీటర్ ఉన్న వస్తువులకు ఆ సౌకర్యం ఉండదు. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు, కానీ ఇటుకరాయి లాంటి ఆ డబ్బాను జేజి పొయ్యి పక్కన పెట్టడం నాకిష్టం లేదు. మామ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. చివరికి స్టవ్ మీద పెట్టే చిన్న స్టీలు పెర్కొలేటర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను.

మొదటి రౌండ్ ప్రొద్దుటూరులో. ఇంట్లో ఉన్న 60:40 చికోరీ పొడి 20 గ్రాములు, నీళ్లు 350 మిల్లీలీటర్లు. మూత మీదుండే గాజు బుడిపెలోంచి రంగు చూసి కాఫీ అయిందో లేదో తెలుసుకోవాలని మాన్యువల్ చెప్తుంది. నిమిషం కూడా కాకుండానే బుడిపె నల్లబడింది! దించి చూస్తే రంగు తప్ప రుచి లేదు. కారణం చికోరీ. అది కాఫీ కంటే త్వరగా నీళ్లలో కరిగి రంగునిస్తుంది, కాబట్టి మన పొడితో ఆ బుడిపెను నమ్మొద్దు, టైమర్‌ను నమ్మండి. ఇంకో సమస్య, ఫిల్టర్ పొడి మరీ మెత్తన. బుట్ట చిల్లుల్లోంచి జారి కప్పు అడుగున బురదలా పేరుకుంది. మరుసటి రోజు 80:20 పొడిని బొంబాయి రవ్వంత బరకగా పట్టించుకొచ్చాను. బురద చాలావరకు పోయింది. (ప్యాకెట్ కొనేవాళ్లు వెనక చూడండి. చికోరీ శాతం రాయాల్సిందే, అది 49 దాటకూడదన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్.)

ఎక్కువసేపు ఉంచితే చిక్కగా వస్తుందనుకుంటాం కదా? రాదు, చేదొస్తుంది. నీళ్లు చిమ్మడం మొదలయ్యాక ఐదు నిమిషాలకు బాగుంది, పది నిమిషాలకు కషాయం. కాఫీకి 90 నుంచి 96 డిగ్రీల నీళ్లు మంచివంటారు. ఇక్కడ మరుగుతున్న కాఫీయే మళ్లీ పొడిలోంచి పోతోంది మరి.

రెండో రౌండ్ పులివెందులలో, ఇంజనీరింగ్ చదివే తమ్ముడి రూములో. వీళ్లు పాలు లేకుండా తాగే బ్యాచ్. అరకు అరబికా పొడి ఉంది, అదే 2019లో జీఐ గుర్తింపు వచ్చిన కాఫీ. ఏరోప్రెస్‌లో చేస్తే పండు వాసనతో అదిరిపోయింది. పెర్కొలేటర్‌లో అదే పొడి మామూలు కాఫీ అయిపోయింది. ఖరీదైన పొడిని ఇందులో పోయకండి. ఫ్రెంచ్ ప్రెస్ కూడా బాగుంది కానీ గాజుది. ఒక మాట: కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లకు ఇంట్లో కాఫీ పెడుతుంటే పేపర్ ఫిల్టర్ చూడండి. కాఫీలోని కెఫెస్టాల్ అనే నూనె పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, పేపర్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది. స్టీలు జల్లెడ ఆపదు.

అసలు పరిష్కారం దొరికింది ఆ రూములోనే. వాళ్లకు గ్యాస్ లేదు, ఇండక్షన్ స్టవ్. అల్యూమినియం మోకా పాట్‌ను అది గుర్తించలేదు. నా పెర్కొలేటర్ అడుగుకు ఫ్రిజ్ అయస్కాంతం అతుక్కుంది, స్టవ్ మీద పని చేసింది. ఇండక్షన్‌లో టైమర్ ఉంటుంది కదా, 800 వాట్లు, ఎనిమిది నిమిషాలు పెడితే దానంతటదే ఆగిపోయింది. జేజి మరచిపోయినా గిన్నె మాడదు. 400 వాట్లలో మాత్రం పెట్టొద్దు. ఆ స్టవ్ ఆగి ఆగి వేడి చేస్తుంది, గొట్టంలో నీళ్లు ఎక్కుతూ ఆగుతూ సతాయించాయి.

జమ్మలమడుగు ఫైనల్. ముందు నీళ్లు. జేజి ఇంటి బోరు నీళ్లలో టీడీఎస్ మీటర్ పెడితే 500 దాటి పోయింది, తాగే నీళ్లకు బీఐఎస్ కోరదగ్గ హద్దు అది. వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు 50 లోపే. బోరు నీళ్లలో కాఫీ చప్పగా సుద్దగా ఉంది, క్యాన్ నీళ్లలో ఏదో ఖాళీగా ఉంది. కాఫీకి 150 దగ్గర మంచిదంటారు, అందుకే మూడొంతులు క్యాన్, ఒక వంతు బోరు కలిపాం. ఇవి కలిపినా గొట్టం లోపల సున్నం కడుతుంది, కాబట్టి నెలకోసారి నిమ్మ ఉప్పు వేసి మరిగించమని పనమ్మాయికి చెప్పాం.

చేతి టెస్ట్‌లో మోకా పాట్ మొదట్లోనే అవుట్. దాన్ని గట్టిగా తిప్పి బిగించాలి, తర్వాత విప్పాలి, జేజి వల్ల కాలేదు. ఏరోప్రెస్‌ను ఒళ్లంతా బలంతో నొక్కాలి. పెర్కొలేటర్‌కు చల్లగా ఉన్నప్పుడే నీళ్లు, పొడి వేసి మూత పెడితే చాలు, వేడి వస్తువును తెరిచే పనే లేదు. పిడి పట్టుకుని వంచడమే.

రుచి దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. ఎనుము పాలు కలిపి తాగి, "ఇది కాఫీ గిన్నె కడిగిన నీళ్లబ్బీ" అంది జేజి. నిజమే. ఫిల్టర్ డికాషన్‌లో పావు వంతు నీళ్లకే అంతకంటే ఎక్కువ పొడి వేస్తాం, అందుకే సగానికి పైగా పాలు పోసినా నిలబడుతుంది. పెర్కొలేటర్‌ది నల్లగా తాగడానికి పుట్టిన కాఫీ. పొడిని 40 గ్రాములకు పెంచాను, పాలు కప్పులో పావుకు తగ్గించి బాగా చిక్కగా కాచాను. మూడో రోజు కప్పు కింద పెట్టకుండా తాగింది. "ఏం జేజీ, ఎట్లుంది?" అన్నాను. "తాగొచ్చులే."

పొడి ఖర్చు ఎక్కువే, ఆమెకు అది నచ్చలేదు. కరెంటు పోతే గ్యాస్ మీద పెట్టుకోవాలి, అప్పుడు టైమర్ ఉండదు, అది నాకు నచ్చలేదు. అందుకని అయస్కాంతంతో ఫ్రిజ్‌కు అతుక్కునే వంటింటి టైమర్ ఒకటి కొనిపెట్టాను. పాత ఫిల్టర్‌ను అటక మీద పెడదామంటే ఒప్పుకోలేదు. కడిగి, తుడిచి, కాఫీ డబ్బా పక్కనే బోర్లించింది. "మీరొచ్చినప్పుడు దాంట్లో పెట్టియ్యండి. లాగేది మాత్రం నువ్వే."