స్టాట్ బూస్టర్లు దాచుకోకండి: ఎవరికి వాడాలి, ఎప్పుడు వాడాలి?

రాజమండ్రి నుంచి మళ్ళీ నేనే. ఈ రోజు టాపిక్ చిన్నదే గానీ, ఆర్‌పీజీలు ఆడేవాళ్ళు ప్రతి ఒక్కరూ దీని దగ్గర ఓసారి ఇరుక్కునే ఉంటారు. గేమ్ మన చేతిలో ఒక వస్తువు పెడుతుంది. అది వాడితే ఒక స్టాట్ పర్మనెంట్‌గా పెరుగుతుంది. గేమ్ మొత్తం మీద అలాంటివి చాలా తక్కువ దొరుకుతాయి. ఒకసారి వాడామా, ఇక వెనక్కి రాదు. మరి ఎవరికి ఇవ్వాలి? ఎప్పుడు ఇవ్వాలి?

మనలో చాలామంది చేసే పని ఒకటే. "తర్వాత చూద్దాంలే" అని సంచిలో పడేస్తాం. ఆఖరి బాస్ చచ్చిపోతాడు, క్రెడిట్స్ పడిపోతాయి, ఆ వస్తువులు మాత్రం సంచిలోనే ఉంటాయి. నేనూ అదే బ్యాచ్ అండి. ఎలా మారానో చెప్తాను.

నాకు పదమూడేళ్ళప్పుడు, వేసవి సెలవులకి కోనసీమలో అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య తన పాత గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీ నాకు ఇచ్చేసి వెళ్ళాడు. అందులో ఫైర్ ఎంబ్లమ్ ఉంది, 2003లో అమెరికాలో రిలీజైంది. ఆ గేమ్‌లో మన సైనికుడు చచ్చిపోతే పోయినట్టే, మళ్ళీ రాడు. అందులో డార్కస్ అని గొడ్డలి పట్టుకునే మనిషి ఉంటాడు. పెళ్ళాం నటాలీ కాలి వైద్యానికి డబ్బులు కావాలని దొంగల ముఠాలో చేరి, తర్వాత మన వైపు వస్తాడు. బలం బానే ఉంటుంది, కానీ స్పీడ్ బాగా తక్కువ.

నా డార్కస్ ఒక కత్తివాడి ముందు నిలబడ్డాడు. ఆ గేమ్ రూల్ ఏంటంటే, ఒకరి స్పీడ్ అవతలివాడి కన్నా 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, వాడు రెండు దెబ్బలు కొడతాడు. కత్తివాడి స్పీడ్ 11, నా వాడిది 7. తేడా సరిగ్గా 4. మొదటి దెబ్బకి బతికాడు, రెండో దెబ్బకి పోయాడు. అప్పుడు నా సామాన్లలో స్పీడ్‌వింగ్స్ ఉన్నాయండి. వాడితే స్పీడ్ 2 పెరుగుతుంది. అంటే 9 అయ్యేది, తేడా 2కి పడేది, రెండో దెబ్బ ఉండేదే కాదు. "మంచి హీరో దొరికాక వాడదాం" అని దాచాను. ఇంటి దగ్గర నటాలీ ఎదురు చూస్తుంటుందని నేను ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నవ్వకండి.

సరే, ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. +2 విలువ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఇంటర్ పరీక్షలు గుర్తు తెచ్చుకోండి. 33 వచ్చినవాడికి రెండు మార్కులు కలిపితే 35, పాస్. సప్లీ తప్పింది. అదే రెండు మార్కులు 78 వచ్చినవాడికి కలిపితే 80, వాళ్ళింట్లో కూడా ఎవరూ పట్టించుకోరు. గేమ్‌లో కూడా అలాంటి గీతలు ఉంటాయి. కాబట్టి మొదటి ప్రశ్న: ఈ బూస్ట్ ఎవరినైనా గీత దాటిస్తుందా?

బలం విషయంలోనూ ఇంతే. శత్రువు ప్రాణం 20 అనుకోండి. మీ దెబ్బకి 9 పోతుంటే మూడు దెబ్బలు కావాలి. బలం 2 పెంచే ఎనర్జీ రింగ్ వాడితే 11, ఇక రెండు దెబ్బలు చాలు. అదే ముందే 14 కొట్టేవాడికి ఇస్తే 16 అవుతుంది. అప్పుడూ రెండు దెబ్బలే, ఇప్పుడూ రెండు దెబ్బలే. రింగ్ దండగ.

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో ఈ గీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ మంత్రగత్తె ఆంటీ ఎథెల్ జుట్టు తీసుకుంటే ఏదో ఒక స్టాట్ 1 పెరుగుతుంది. కానీ బోనస్ సరి సంఖ్యల దగ్గరే మారుతుంది. 16కి బోనస్ +3, 17కీ +3నే, 18కి +4. అంటే 16 ఉన్నవాడికి ఆ జుట్టు ఇస్తే అప్పటికప్పుడు ఏమీ రాదు. 17 ఉన్నవాడికి ఇస్తే వెంటనే పని చేస్తుంది.

రెండో ప్రశ్న: ఇది ఎన్ని యుద్ధాలకి పనికొస్తుంది? పర్మనెంట్ బూస్ట్ అంటే రోజూ వడ్డీ వచ్చే డబ్బు లాంటిది. ముప్పై చాప్టర్ల గేమ్‌లో ఐదో చాప్టర్‌లో వాడితే ఇంకా ఇరవై ఐదు చాప్టర్లు పని చేస్తుంది. ఆఖరి చాప్టర్‌లో వాడితే ఒక్క యుద్ధానికే. పైగా మొదట్లోనే మనవాళ్ళు బలహీనంగా ఉంటారు, గీత దగ్గర కొట్టుకునేది అప్పుడే. చివరికొచ్చేసరికి స్టాట్ లిమిట్ దగ్గరికి వెళ్ళిపోతారు. లిమిట్ 20 అయితే, 19 ఉన్నవాడికి +2 ఇచ్చినా వచ్చేది ఒక్కటే.

అయితే తొందరపాటుకీ దెబ్బ ఉందండి. డ్రాగన్ క్వెస్ట్ 7, జపాన్‌లో 2000లో వచ్చింది. ఇక్కడ కథ బయటపెడుతున్నాను, ఆడాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి. అందులో కీఫర్ అనే రాజకుమారుడు మొదటి నుంచీ మనతోనే ఉంటాడు. మంచి బలం. అందరూ దొరికిన విత్తనాలన్నీ, అంటే స్టాట్ పెంచేవి, వాడికే తినిపించారు. కొంత దూరం వెళ్ళాక వాడు పార్టీ వదిలి శాశ్వతంగా వెళ్ళిపోతాడు. జపాన్ గేమర్లు వాడికి విత్తనాల దొంగ అని పేరే పెట్టేశారు. అందుకే, కథలో చివరిదాకా ఉంటాడని నమ్మకం ఉన్నవాడికే ఇవ్వండి. మెయిన్ హీరో ఎక్కడికీ పోడు కదా, అనుమానం ఉంటే అతనికే.

మూడో ప్రశ్న: ఇది నిజంగానే అరుదైనదా? పోకెమాన్‌లో ప్రోటీన్, ఐరన్ లాంటివి షాపులో డబ్బులిస్తే దొరుకుతాయి. వాటి కోసం నిద్ర మానుకోనక్కర్లేదు. మీ ఫోన్లలో ఉండే గెన్‌షిన్ ఇంపాక్ట్‌లో క్రౌన్ ఆఫ్ ఇన్‌సైట్ మాత్రం అరుదే, ఎక్కువగా పెద్ద ఈవెంట్లలో వస్తుంది. టాలెంట్‌ని 9 నుంచి 10కి తీసుకెళ్తుంది. కానీ ఎంత పెరుగుతుందో చూడండి. స్కిల్, బర్స్ట్‌లకి లెవెల్ 1లో డ్యామేజ్ 100 అనుకుంటే, 9లో 170, 10లో 180. అంటే ఆ క్రౌన్ ఇచ్చేది సుమారు 6 శాతం. మామూలు మెటీరియల్స్‌తో 1 నుంచి 6కి తీసుకెళ్తే 40 శాతం వస్తుంది. ముందు అది చేయండి. క్రౌన్ మాత్రం మీరు రోజూ ఆడే క్యారెక్టర్‌కి పెట్టేయండి.

మా తాతయ్య దాళ్వా వరి వేసేవారు. కాలవలో నీళ్ళు తగ్గి వంతులవారీగా వదిలినప్పుడు, తన వంతు నీళ్ళు ఎటు తిప్పాలో ఆయన ఆలోచించడం చూశాను. పల్లపు చేలో తడి ఇంకా ఉండేది. మెరక చేను పొట్ట మీద ఉండి, నేల నెర్రెలిచ్చేది. ఆయన మెరక చేనుకే తిప్పేవారు. పంట బాగా ఉన్న చోట కాదు, ఆ ఒక్క తడితో పంట నిలబడే చోట. అలాగని వంతు వచ్చిన రోజు నీళ్ళు వదులుకుని, వచ్చే వారం చూద్దాం అని కూర్చోలేదు.

చివరగా, డార్కస్‌కి ఇవ్వడమే కరెక్టా అంటే, బహుశా కాదండి. ఆ గేమ్ బాగా ఆడేవాళ్ళు స్పీడ్‌వింగ్స్ వేరేవాళ్ళకి ఇస్తారు. కానీ కొంచెం తప్పు మనిషికి వాడినా అది పని చేస్తూనే ఉంటుంది. సంచిలో ఉన్నది మాత్రం సున్నా. ఆ రోజు నేను చేసిన తప్పు ఎవరికి ఇచ్చానన్నది కాదు, ఎవరికీ ఇవ్వకపోవడం.

ఇప్పుడే మీ గేమ్ ఓపెన్ చేసి, సంచి చూడండి. ఒకటైనా ఉంటుంది. గీత దగ్గర ఎవరున్నారో చూసి, వాడేయండి. ఉంటానండి మరి, వచ్చే వీడియోలో కలుద్దాం.