విమానము వెనుక కనబడని చాలు

గోదావరిలో లాంచి సాగిపోయిన పిమ్మట దాని వెనుక నీరు కొంతసేపు కలతపడుచునే యుండును. చిన్న పడవ నడపువాడు ఆ అలలను చూచి ప్రక్కకు తొలగును. ఆకాశమున పెద్ద విమానము కూడ తన వెనుక ఇట్టి చాలునే విడిచిపోవును. కాని గాలి కంటికి కనబడదు. వెనుక వచ్చు చిన్న జెట్ విమానమునకు కలుగు ఆపద అంతయు ఇందే కలదు.

విమానమును నిలుపునది రెక్క. రెక్క క్రింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. అందుచే క్రిందిగాలి రెక్క కొసను చుట్టుకొని పైకి ఎగబ్రాకును. ఇట్లు రెండు కొసల వెంబడి రెండు సుడులు ఎదురెదురుగా తిరుగుచు, పొడవైన త్రాళ్లవలె వెనుకకు సాగును. విమానము బరువు హెచ్చినకొలది, వేగము తగ్గినకొలది వాని బలము పెరుగును. దిగబోవు విమానము వేగము తగ్గించుకొనక తప్పదు. వెనుక వచ్చునది అదే దారిని పట్టకయు తప్పదు.

ఈ సుడులు పుట్టినచోట నిలువవు. నిమిషమునకు కొన్ని వందల అడుగుల చొప్పున క్రిందికి జారును. నేల సమీపించినపుడు చెరియొక ప్రక్కకు తొలగును. కాని స్వల్పమైన అడ్డగాలి వీచినచో ఒక సుడి రన్‌వే మీదనే నిలిచిపోవచ్చును. గాలి నిశ్చలముగా నున్నపుడు ఇవి ఎక్కువసేపు నిలుచును. చిన్న జెట్టు రెక్కలు పొట్టివగుటచే విమానమంతయు సుడిలో చిక్కి ప్రక్కకు దొర్లును. చాల ఎత్తున నున్నచో పైలట్ సరిదిద్దుకొనవచ్చును. నేల దగ్గర అందుకు తావు లేదు.

అమెరికాలో 1992 డిసెంబరు 18న బిల్లింగ్స్ వద్ద ఒక సెస్నా సైటేషన్ జెట్టు, బోయింగ్ 757 వెనుక దిగుచు కూలిపోగా 8 మంది మరణించిరి. ఏడాది నిండకమునుపే, 1993 డిసెంబరు 15న, కాలిఫోర్నియాలోని శాంటా అనా వద్ద ఒక వెస్ట్‌విండ్ జెట్టు అదే రకపు విమానము వెనుక వచ్చి కూలగా అయిదుగురు మరణించిరి. రెండు సందర్భములలోను చిన్న విమానము 3 నాటికల్ మైళ్లకంటె దగ్గరగా, ముందు విమానము వచ్చిన దారికి దిగువన ఉన్నది. ముందు విమానమును కంటితో చూచుచు ఎడము పాటించు బాధ్యత పైలట్లదే. విమానము కనబడినది, అది ఏ ఎత్తున వచ్చినదో, దాని సుడి ఎంత క్రిందికి జారినదో కన్ను చెప్పజాలదు.

1994లో అమెరికా రవాణా భద్రతా మండలి ఈ విషయమై ప్రత్యేక నివేదిక వెలువరించినది. తరువాత 757 వెనుక పాటించవలసిన ఎడము అచట పెంచబడినది. బరువునుబట్టి విభజించు అంతర్జాతీయ పద్ధతిలో, 136 టన్నులు లేక అంతకు మించిన విమానము వెనుక దిగు 7 టన్నుల లోపు విమానమునకు 6 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 11 కిలోమీటర్లు, ఎడముండవలెను.

నియమము కాగితముపై నున్న చాలదు. 2008 నవంబరు 4న మెక్సికో నగరమున ఒక లియర్‌జెట్, బోయింగ్ 767 వెనుక నియమిత దూరముకంటె దగ్గరగా వచ్చి, సుడిలో చిక్కి వీధిపై కూలినది. అందులోని 9 మందియు మరణించిరి. వారిలో ఆ దేశపు అంతరంగ వ్యవహారముల మంత్రి హువాన్ కమీలో మౌరీన్యో ఒకరు. క్రింద ఉన్నవారును కొందరు ప్రాణములు కోల్పోయిరి.

కావుననే పైలట్లకు నేర్పు సూత్రములు మూడు: పెద్ద విమానము వచ్చిన దారికి పైననే యుండుము, అది నేల తాకిన చోటును దాటి దిగుము, సందేహము కలిగినచో దిగుట మాని మరల చుట్టి రమ్ము. దిగబోవుచు విమానము మరల పైకి లేచినపుడు, ప్రయాణికులు కాలము వృథా అయినదని విసుగుకొందురు. ఆ కొద్ది నిమిషములలో ముందున్న సుడి తనంతట తానే చల్లారిపోవును.